కొండెము కాదు, కావలి మాట

చదువవలసిన భాగములు: లేవీయకాండము 19:16-18, నిర్గమకాండము 21:28-32, అపొస్తలుల కార్యములు 23:12-22



మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతముల సంఘములవారికి రోడ్డు సంగతి ఒకరు చెప్పనక్కరలేదు. మేడ్చల్ మీదుగా నాగపూరు రోడ్డు, అనగా 44వ జాతీయ రహదారి, పోవుచున్నది. శామీర్‌పేట మీదుగా కరీంనగరమునకు రాజీవ్ రహదారి పోవుచున్నది. 158 కిలోమీటర్ల ఔటర్ రింగు రోడ్డు ఈ రెంటిని కలుపుచున్నది. తెల్లవారకమునుపే కూరగాయలు, పాలు పట్టణమునకు తీసికొనిపోవువారు, కంపెనీలలో రాత్రి పని చేసి తిరిగి వచ్చువారు, బడి పిల్లలు, క్రిస్మసు దినమున మెదకు దేవాలయమునకు పోవు కుటుంబములు, అందరును ఈ రోడ్లమీదనే ప్రయాణము చేయుదురు. ఈ రోడ్ల ప్రక్కనే ఫంక్షన్ హాళ్లు, దాబాలు, మద్యపు దుకాణములు, కల్లు కాంపౌండులు కూడ ఉన్నవి.

త్రాగవద్దని మనము ఎన్నో పాఠములు వినియున్నాము. నేటి పాఠము త్రాగినవానిని గూర్చి కాదు. తాను త్రాగక, ఇంకొకడు త్రాగి బండి ఎక్కుట కన్నులార చూచినవానిని గూర్చి. అతడు నోరు తెరువవలెనా? పోలీసువారికి తెలియజేయుట క్రైస్తవునికి తగునా? ఇదియే ప్రశ్న.

1. ఒక ఉదాహరణ

శామీర్‌పేట దగ్గరి ఒక గ్రామమునుండి పెండ్లివారు డి.సి.ఎం. బండిలో మేడ్చల్‌లోని ఫంక్షన్ హాలుకు వచ్చిరని అనుకొందము. రాత్రి పదకొండు గంటలైనది. తిరుగు ప్రయాణమునకు ముప్పదిమంది బండి వెనుక ఎక్కి కూర్చుండిరి. వారిలో ముసలివారు, చంటిపిల్లల తల్లులు ఉన్నారు. బండి నడుపువాడు అంతవరకు హాలు వెనుక దావత్‌లో కూర్చుండి ఇప్పుడే లేచి వచ్చుచున్నాడు. మాట తడబడుచున్నది, అడుగు తప్పుచున్నది. దీనిని చూచినవాడు సంఘపు పెద్ద. ఆ నడుపువాడు ఆయన అక్క కుమారుడు.

ఆ పెద్ద మనస్సులో నాలుగు తలంపులు లేచును. మొదటిది: కొండెములు చెప్పుట పాపమని బైబిలు చెప్పుచున్నది కదా. రెండవది: వీడు నిన్నను మొన్నను ఇట్లే నడిపెను, ఏమియు కాలేదు. మూడవది: మేనల్లుని పోలీసులకు పట్టించినవాడనని అక్క బ్రదుకున్నంత కాలము నా గడప త్రొక్కదు. నాలుగవది: ఈ కిరాయి డబ్బుతోనే వాని ఇల్లు గడుచుచున్నది, బండిమీద ఫైనాన్సు బాకీ ఉన్నది, వాని పొట్టమీద కొట్టిన పాపము నాకేల?

ఈ తలంపులను తేలికగా కొట్టివేయరాదు. వీటిని ఒక్కొక్కటిగా దేవుని వాక్యము నెదుట పెట్టి చూతము.

2. కొండెము ఏది?

లేవీయకాండము 19వ అధ్యాయము 16వ వచనమును శ్రద్ధగా చదువుడి. మొదటి సగములో కొండెములు చెప్పుచు ఇంటింటికి తిరుగుట నిషేధింపబడినది. అనేకులు అంతవరకు చదివి గ్రంథము మూసివేయుదురు. రెండవ సగము పొరుగువాని ప్రాణమును గూర్చినది. హెబ్రీ మూలములో ఆ మాటకు అక్షరార్థము పొరుగువాని రక్తముమీద నిలువకూడదని. పొరుగువాని ప్రాణమునకు అపాయము వచ్చినప్పుడు చేతులు కట్టుకొని నిలిచి చూచుటను ఈ మాట నిషేధించుచున్నదని యూదుల పూర్వికబోధకులు వివరించిరి. తరువాతి వచనము పొరుగువానిమీద పగ పెట్టుకొనక అతనిని గద్దింపుమని చెప్పుచున్నది. ఆ పిమ్మట వచ్చునదే పొరుగువానిని నీవలె ప్రేమింపుమను గొప్ప ఆజ్ఞ.

కొండెమును, ప్రాణమును కాపాడు మాటను దేవుడు ఒకే వచనములో ప్రక్క ప్రక్కన నిలిపెను. ఈ రెంటికిని భేదమేమి? కొండెము అపాయమును ఆపలేనివానికి చెప్పబడును. కావలి మాట ఆపగలవానికి చెప్పబడును. కొండెము పని జరిగిపోయిన తరువాత బావియొద్దను టీ కొట్టుయొద్దను పదిమందికి చేరును. కావలి మాట పని జరుగకమునుపు ఒక్కనికి చేరును. కొండెములో ఉప్పు కారము కలుపబడును. కావలి మాటలో చూచినది మాత్రమే ఉండును.

మరునాడు అరుగుమీద కూర్చుండి ఫలానావాడు నిన్న పూటుగా త్రాగి బండి నడిపెనని నలుగురితో చెప్పి నవ్వుకొనువాడు కొండెగాడు. ఆ రాత్రియే ఫోను ఎత్తినవాడు కొండెగాడు కాడు.

3. పొడుచు ఎద్దు

రెండవ తలంపు, నిన్న ఏమియు కాలేదనునది. నిర్గమకాండము 21వ అధ్యాయములో పొడుచు ఎద్దును గూర్చిన న్యాయవిధి కలదు. సేద్యము చేయు మనకు అది సులభముగా తెలియును. ఎద్దు ఒకనిని పొడిచి చంపినయెడల ఎద్దును చంపవలెను, యజమానుడు నిర్దోషి. అయితే ఆ ఎద్దుకు పొడుచు వాడుక ముందే ఉండి, ఆ సంగతి యజమానునికి తెలుపబడియుండి, అతడు దానిని కట్టివేయనియెడల యజమానుడును దోషియగును.

తెలుపబడియుండి అను షరతును గమనించుడి. ఎవరో ఒక ఇరుగుపొరుగువాడు పోయి, నీ ఎద్దు పొడుచుచున్నది, కట్టివేయుమని చెప్పవలెను. అట్లు చెప్పువాడు ఊరిలో ఉండునని ధర్మశాస్త్రము ఎదురుచూచుచున్నది. అతడు నోరు మూసికొనినయెడల ఈ న్యాయవిధి పని చేయజాలదు. మరియు ఎద్దు నిన్న ఎవరిని చంపలేదనుట సమాధానము కాదు. పొడుచు వాడుక తెలిసినప్పుడే కట్టివేయవలెను.

మన మేడ్చల్ మీదుగా వచ్చు ఈ 44వ రహదారియే హైదరాబాదు దాటి కర్నూలు మీదుగా బెంగళూరు పోవుచున్నది. 2025 అక్టోబరు 24న తెల్లవారకమునుపు, కర్నూలు దగ్గర చిన్నటేకూరు వద్ద ఒక యువకుడు మోటారు సైకిలు మీద పోవుచు పడి చనిపోయెను. వెనుక కూర్చున్న స్నేహితుడు బ్రదికెను. ఇద్దరును త్రాగియుండిరని పరీక్షలలో తేలెను. బండి రోడ్డుమీద పడియుండగా హైదరాబాదునుండి బెంగళూరు పోవు బస్సు దానిమీదికి వచ్చెను. మంటలు లేచెను. నిద్రలో ఉన్న ప్రయాణికులలో 19 మంది కాలిపోయిరి. బస్సు నడిపినవానిమీదను కేసు పెట్టబడెను. న్యాయస్థానము చూడవలసిన సంగతులు దానికి ఉండనే ఉన్నవి. మనము నేర్చుకొనవలసినది ఇది: కొద్ది నిమిషముల ముందు ఆ యువకుడు ఒక పెట్రోలు బంకుకు వచ్చి, బండి అదుపు తప్పుచుండగా బయలుదేరిపోయిన దృశ్యము అచ్చటి కెమెరాలో నిలిచియున్నది. కెమెరా చూచును గాని తాళము లాగికొనలేదు, ఫోను చేయలేదు. ఆ పని మనుష్యునిది.

ఆ యువకునికిని ఒక తల్లి ఉన్నది. వేళకు అతని బండి ఆపబడియుండినయెడల ఆమె కుమారుడును ఆమెకు దక్కియుండెడివాడేమో.

2016 జులై 1న హైదరాబాదు పంజాగుట్టలో త్రాగిన యువకుని కారు అదుపు తప్పి ఇంకొక కారుమీద పడగా ఒక చిన్నపిల్లతోకూడ ఒకే కుటుంబములో ముగ్గురు మరణించిరి. ఆ యువకుడు ఒంటరిగా లేడు. అతని తోటివారు అదే కారులో కూర్చుండియుండిరి. సంగతి అందరికంటె ముందుగా తెలియునది ప్రక్కన కూర్చున్నవానికే.

4. పౌలు మేనల్లుడు

మూడవ తలంపు బంధుత్వమును గూర్చినది. అపొస్తలుల కార్యములు 23వ అధ్యాయములో పౌలు అక్కచెల్లెండ్ర కుమారుడొకడు కనబడుచున్నాడు. అతని పేరైనను వ్రాయబడలేదు. నలువదిమందికంటె ఎక్కువమంది పౌలును చంపుదుమని ఒట్టు పెట్టుకొనిరని అతడు వినెను. ఒట్టు పెట్టుకొనినవారు అతని స్వజనులే. ఊరిలో వారితోనే అతడు బ్రదుకవలెను. అయినను అతడు కోటలోనికి పోయి పౌలుకు తెలిపెను. పౌలు అతనిని సహస్రాధిపతియొద్దకు పంపెను. సహస్రాధిపతి అతని చెయ్యి పట్టుకొని ప్రక్కకు తీసికొనిపోయి విని, ఈ సంగతి తెలిపినట్టు ఎవనితోను చెప్పవద్దని పంపివేసెను.

ఆ బాలుడు చేసినది మూడే పనులు. ఆపుటకు అధికారము గలవానికి చెప్పెను. విన్నంతవరకే చెప్పెను. చెప్పి ఇంటికి పోయెను. అతనిని స్వజన ద్రోహియని లేఖనము అనలేదు. అధికారులు మేలు కొరకు నియమింపబడిన దేవుని పరిచారకులని రోమా పత్రిక 13వ అధ్యాయము చెప్పుచున్నది గనుక ప్రాణములను కాపాడుటకు వారి సహాయము కోరుట అవిశ్వాసము కాదు.

5. ఎప్పుడు ఒంటరిగా, ఎప్పుడు అధికారికి?

మత్తయి 18వ అధ్యాయము ప్రకారము మొదట ఒంటరిగా గద్దింపవలెను గదాయని కొందరు అడుగుదురు. నిజమే. వ్యవధి ఉన్నప్పుడు అదియే మార్గము. పగటివేళ, మత్తు దిగినప్పుడు, పోయి మాటలాడుడి. వినకున్న ఇద్దరిని వెంటబెట్టుకొని పోవుడి. ఇంటివారితో చెప్పుడి. బండి యజమానుడు వేరైనయెడల అతనికి చెప్పుడి. బడి పిల్లల ఆటో అయినయెడల పిల్లల తల్లిదండ్రులకు చెప్పుట ఆలస్యము చేయకుడి.

అయితే ఇంజను మ్రోగుచున్నప్పుడు మూడు మెట్లు ఎక్కుటకు వ్యవధి లేదు. ఆ రాత్రి మన పెద్ద ఇట్లు చేయును. మొదట మృదువుగా, “బిడ్డా, తాళం నాకియ్యి. తెల్లారినంక తీస్కో. పండు, పొద్దుగాల పోదాం” అని అడుగును. త్రాగినవానితో పెనుగులాడడు, పదిమందిలో వానిని అవమానింపడు. వెనుక కూర్చున్నవారిని దింపివేయును. వేరొక డ్రైవరును పిలిపించును. ఇన్ని చేసినను వాడు వినక బండి కదల్చినయెడల, వెంటనే 112 నంబరుకు ఫోను చేయును. బండి నంబరు, రంగు, ఏ రోడ్డున ఏ దిక్కునకు పోవుచున్నదో, తాను చూచినదేమో చెప్పును. తన పేరు బయటపెట్టవద్దని కోరవచ్చును. బండి వెంట తరుముకొనిపోడు. రోడ్డుమీద ఇట్టి బండిని చూచినవాడు తన బండి ప్రక్కకు ఆపి ఫోను చేయవలెను గాని నడుపుచు చేయరాదు.

6. చట్టము ఏమి చెప్పుచున్నది?

మోటారు వాహనముల చట్టము, 1988, 185వ సెక్షను ప్రకారము నూరు మిల్లీలీటర్ల రక్తములో 30 మిల్లీగ్రాములు మించి మద్యము ఉన్నట్టు పరీక్షలో తేలినయెడల బండి నడుపుట నేరము. నడుపుటకు ప్రయత్నించుటయు నేరమే. మొదటిసారి ఆరు నెలలవరకు జైలు, లేక పదివేల రూపాయల జరిమానా, లేక రెండును. మరల చేసినయెడల రెండు సంవత్సరములవరకు జైలు, లేక పదునైదువేల రూపాయల జరిమానా, లేక రెండును. లైసెన్సును పోగొట్టుకొనవచ్చును. అదే చట్టము 188వ సెక్షను ప్రకారము ఆ నేరమునకు ప్రోత్సహించి తోడ్పడినవానికిని అదే శిక్ష. త్రాగినాడని తెలిసియు, కిరాయి పోవునని నడుపుమని పంపు యజమానుడు ఈ మాటను జ్ఞాపకముంచుకొనవలెను. పొడుచు ఎద్దు యజమానుడు అతడే.

ప్రమాదము జరిగిపోయినయెడల 108కి ఫోను చేయుడి. ఆ అంబులెన్సు సేవ 2005లో హైదరాబాదులో ఆరంభమైనది. దానిని నడుపు సంస్థ ఆవరణ మన మేడ్చల్ రోడ్డున దేవరయాంజాల్‌లోనే ఉన్నది. గాయపడినవానికి సద్బుద్ధితో సహాయము చేసినవానిని వేధింపకుండ 2019లో చేర్చబడిన 134ఏ సెక్షను కాపాడుచున్నది. కేసులో ఇరుక్కొందుమను భయముతో మంచి సమరయుని దారి విడిచిపెట్టకుడి.

7. ఆ ఇంటి పొయ్యి

నాలుగవ తలంపు మిగిలియున్నది. పొట్టమీద కొట్టుట. దీనికి మాటలతో సమాధానము చాలదు. నడుపువాడు పట్టుబడినయెడల బండి ఆగును, కిరాయి ఆగును, పొయ్యి ఆరును. ఫోను చేసినవారు అంతటితో తమ పని తీరినదనుకొనరాదు. ఒకరి భారములను ఒకరు భరింపుడని గలతీయులకు వ్రాసిన అధ్యాయములోనే, తప్పిపోయినవానిని సాత్వికమైన మనస్సుతో మంచిదారికి తీసికొనిరమ్మని వ్రాయబడియున్నది.

గనుక ఆ పెద్ద మరునాడు అక్క ఇంటికి పోవలెను. ఆమె తలుపు వేసికొనినను మరల పోవలెను. కోర్టు దినమున మేనల్లుని ప్రక్కన నిలువవలెను. సంఘము ఆ ఇంటికి బియ్యము పంపవలెను. మద్యము మానిపించు వైద్యమునకు అతనిని తీసికొనిపోవలెను. పట్టించి విడిచిపెట్టిన సంఘము సగము పనియే చేసినది. పట్టింపక మూగయైన సంఘము ఆ సగమును చేయలేదు.

అక్క కొంతకాలము మాటలాడకపోవచ్చును. ఆ నష్టము నిజమైనదే. అయితే ఆమె కోపగించుటకు ఆమె కుమారుడు ఇంకను సజీవుడై ఉండును, ముప్పదిమంది తమ ఇండ్లకు చేరియుందురు.

సంఘములో చర్చింపవలసిన ప్రశ్నలు

1. మన సంఘములో పెండ్లి బండ్లకు, క్రిస్మసు ప్రయాణములకు నడుపువానిని కుదుర్చునప్పుడు, ఆ దినమున త్రాగనని ముందే మాట తీసికొనుచున్నామా? తాళము ఎవరియొద్ద ఉండవలెనో నిర్ణయించుచున్నామా?

2. మన పిల్లలను బడికి తీసికొనిపోవు ఆటోవారి అలవాట్లు మనకు తెలిసియుండియు ఊరకున్నామా?

3. ఒక కుటుంబపు సంపాదనపరుడు ఈ విధముగా పట్టుబడినయెడల, మన సంఘపు నిధినుండి ఆ ఇంటికి ఎన్ని నెలలు సహాయము చేయగలము?

ప్రార్థన: రాత్రివేళ రోడ్లమీద ప్రయాణము చేయు వారందరి కొరకు, మత్తునకు బానిసలైన డ్రైవర్ల కొరకు, వారి భార్యాబిడ్డల కొరకు, చూచినప్పుడు నోరు తెరచుటకు మనకు కావలసిన ధైర్యము కొరకు ప్రభువును వేడుకొందము. ఆమేన్.