అంగడికి రెండవ వాకిలి

సికింద్రాబాదులోని మహాత్మాగాంధీ మార్గము పూర్వము జేమ్స్ వీథి యని పిలువబడెడిది. ఆ మార్గమున గడియారపు బురుజుతో గూడిన పాత కట్టడ మొకటి కలదు. దానిని 1900వ సంవత్సరమున దివాన్ బహదూర్ సేఠ్ రాంగోపాల్ రక్షకభట నిలయమునకై కట్టించెను. ఆయన పేరనే ఆ ప్రాంతము రాంగోపాల్‌పేట యైనది. చేతి గడియారము లరుదైన ఆ దినములలో బురుజు గడియారము, అడుగకయే అందరకును వేళ తెలుపుచుండెడిది.

దానికి చేరువలోనే రాణీగంజి యున్నది. పంపులు, మోటార్లు, గొట్టములు, బోల్టులు అమ్ము దుకాణము లచ్చట బారులు తీరి యుండును. వానిలో ఒక చిన్న దుకాణమును నడుపు వర్తకుని స్థితి నూహించి చూడుడు. అతని తండ్రి కాలమున కొనుగోలుదారు రైలు దిగి, నాలుగు దుకాణములు తిరిగి, బేరమాడి సరకు కొనెడివాడు. నేటి కొనుగోలుదారు ఇల్లు కదలక మునుపే సెల్‌ఫోనులో వెదకును. అందు కనబడని దుకాణము, ఎంత మంచి సరకు గలదైనను, అతని లెక్కలో లేనిదే. కావున వర్తకుడు తనకును ఒక వెబ్‌సైటు ఉండవలెనని తలచును.

ఈ సాధనము వర్తకుల కొరకు పుట్టినది కాదు. 1989లో టిమ్ బెర్నర్స్-లీ యను ఆంగ్లేయుడు, జెనీవా చెంతనున్న సెర్న్ అను పరిశోధన సంస్థలో, శాస్త్రజ్ఞులు సమాచారమును పంచుకొనుటకై దీనిని ప్రతిపాదించెను. 1993లో ఆ సంస్థ దీనిని ఎవ్వరైనను రుసుము లేక వాడుకొనవచ్చునని ప్రకటించెను. మన దేశమున సామాన్య ప్రజలకు ఇంటర్‌నెట్టు 1995 ఆగష్టు 15న అందుబాటులోనికి వచ్చినది.

వెబ్‌సైటు పెట్టదలచిన వర్తకుడు సాధారణముగా మొదట రంగులను గూర్చియు, కదలు బొమ్మలను గూర్చియు ఆలోచించును. గదు లెన్నియో తేల్చుకొనక గోడలకు రంగు నెంచుకొను గృహస్థుని వంటి వాడితడు. అతడు మొదట చేయవలసిన పని వేరు. గల్లాపెట్టె ప్రక్కన ఒక నోటుపుస్తకము నుంచి, నెల దినములు జనులడిగిన ప్రతి ప్రశ్నను అందు వ్రాయవలెను. “ఒకటిన్నర అంగుళపు వాల్వు ఉన్నదా?” “ఆదివారము తెరతురా?” “సిద్దిపేటకు పంపుదురా?” “కాలిన మోటారును బాగుచేసి యిత్తురా?” “బండి నిలుపుటకు చోటున్నదా?” నెల కడపట చూచినచో కొద్ది ప్రశ్నలే మాటిమాటికి వచ్చినట్లు తేలును. వానికి జవాబులే వెబ్‌సైటు; తక్కినదంతయు అలంకారము.

ఆ జవాబులు తెలుగులోను ఉండవలెను. పూర్వము ఒక్కొక్క తెలుగు ఖతి ఒక్కొక్క సంకేత పద్ధతి ననుసరించుటచే, ఒక కంప్యూటరులో వ్రాసినది మరొకదానిలో గజిబిజి గీతలుగా కనబడెడిది. 1991లో వెలువడిన యూనికోడ్ ప్రమాణములో తెలుగు లిపికి స్థానము లభించుటచే ఆ చిక్కు తీరు మార్గ మేర్పడినది. నేడు పల్లెలోని రైతు తెలుగున “పంపు మోటారు” అని వెదకవచ్చును. కాని తెలుగున వ్రాసినవా రుండినగదా అతనికి దొరకుట!

పేరు విషయమున మిక్కిలి జాగరూకత వలయును. వెబ్‌సైటు పేరు ఒక్కసారి కొని దాచుకొను వస్తువు కాదు. గడువు తీరినప్పుడెల్ల రుసుము చెల్లించి నిలుపుకొనవలసినది. వెబ్‌సైటును తయారుచేయు యువకుడు కొన్నిచోట్ల ఆ పేరును తన పేరనే నమోదు చేసికొనును. దురుద్దేశ మక్కరలేదు, తొందర చాలును. పిమ్మట అతడు ఊరు విడిచిపోయి, రుసుము కట్టువారు లేక గడువు దాటిన, ఆ పేరు నితరులు తీసికొనవచ్చును. అప్పుడు వర్తకుడు తన రసీదులపైని చిరునామాను తానే కొట్టివేసికొనవలసి వచ్చును. కావున నమోదు దుకాణము పేరనే జరుగవలెను. రహస్యపదము వర్తకుని యొద్దనే యుండవలెను.

ఇంటర్‌నెట్టు ద్వారా అమ్మకము కూడ జరుపదలచినచో చట్టమును తెలిసికొనవలెను. 2020లో వెలువడిన వినియోగదారుల రక్షణ నిబంధనల ప్రకారము, అట్టి వ్యాపార సంస్థ తన పేరును, చిరునామాను, ఫిర్యాదులు వినువాని వివరములను కనబడునట్లు ప్రకటింపవలెను. ఫిర్యాదు అందినట్లు 48 గంటలలో తెలిపి, నెలలోపల పరిష్కరింపవలెను.

ఇక మిగిలిన ప్రశ్న, పట్టికలోని ధరలను మార్చువా రెవరన్నది. రాగి ధర పెరిగిన మోటారు ధరయు పెరుగును. పాత ధరను ఫోనులో చూచి ముప్పది క్రోసుల దూరము వచ్చిన రైతు, గల్లాయొద్ద మరొక ధర విన్నచో ఏమనుకొనును? ఆ బురుజు గడియారమునకైనను వేళ సరిచూచు మనిషి యొకడు కావలసినదే. వర్తకుడు ఈ పనిని లెక్కలు వ్రాయు గుమాస్తాకు అప్పగించి, ప్రతి ధర క్రిందను అది మార్చిన తేదీని వేయించుట మేలు. తీరిక లేని వారమున తేదీయైనను నిజము చెప్పును. దూరమునుండి వచ్చువాడు బయలుదేరక ముందే ఒకసారి ఫోను చేసి అడుగును.