పోయిన పూట కూలి: డాలీ మెసెంజర్ ఆట నేర్పే పాఠం



స్టడీ అవర్ గంట కొట్టేవరకూ హాస్టల్ వెనక మైదానంలో కబడ్డీ ఆడని బ్యాచ్ అంటూ లేదు. మేము పదో తరగతి చదివిన ఏడు మాలో ఒక మంచి రెయిడర్ ఉండేవాడు. జట్టు ఎంపికలు వేసవిలో, సరిగ్గా దాళ్వా కోతల రోజుల్లో పడ్డాయి. ఎంపికలకు వెళ్తే మూడు రోజుల కూలి పోతుంది. పైగా బస్సు ఛార్జీలు. వాడు వెళ్ళలేదు. "వాడికి ఆట మీద శ్రద్ధ లేదు" అన్నారు అందరూ. మేమూ అన్నాం. ఆ మాట ఎంత తప్పో పీజీలో చేరి, లైబ్రరీలో రగ్బీ చరిత్ర చదివాక గానీ మాకు తెలియలేదు. ఆ చరిత్రను మీతో పంచుకోవాలనే ఈ వ్యాసం.

రగ్బీ లీగ్ అంటే ఏమిటి?

కోడిగుడ్డు ఆకారంలో ఉండే బంతిని చేత్తో పట్టుకుని పరుగెత్తే ఆట ఇది. చేత్తో బంతి అందించాలంటే పక్కకో వెనక్కో మాత్రమే విసరాలి, ముందుకు విసరకూడదు. ఎదుటి జట్టువాళ్ళు, మన కబడ్డీలో రెయిడర్‌ను పట్టినట్టే, పట్టి పడేస్తారు. వాళ్ళను తప్పించుకుని గీత దాటి బంతిని నేలకు ఆనిస్తే అది 'ట్రై'. రగ్బీలో రెండు రకాలున్నాయి. యూనియన్‌లో జట్టుకు 15 మంది, లీగ్‌లో 13 మంది. ఒకే ఆట రెండుగా చీలిపోవడానికి కారణం కూలి డబ్బులు.

చీలిక ఎలా వచ్చింది?

ఇంగ్లండులో రగ్బీ యూనియన్ 1871లో ఏర్పడింది. దాన్ని నడిపినవాళ్ళలో ఎక్కువమంది ఖరీదైన స్కూళ్ళలో చదివిన కలవారు. ఆటకు డబ్బు తీసుకోవడం నామోషీ అని వారి నియమం. ఉత్తర ఇంగ్లండులో మాత్రం బొగ్గు గనుల్లో, బట్టల మిల్లుల్లో పనిచేసేవాళ్ళు ఆడేవారు. శనివారం కూడా వారికి పని ఉండేది. మ్యాచ్‌కు వెళ్తే ఆ పూట కూలి పోయేది. "మాకు లాభం వద్దు, పోయిన పూట కూలి ఇప్పిస్తే చాలు" అన్నదే వారి కోరిక. దీనినే 'బ్రోకెన్ టైమ్' అనేవారు. 1893లో లండన్ సమావేశంలో ఈ ప్రతిపాదన 136కు 282 ఓట్ల తేడాతో వీగిపోయింది. 1895 ఆగస్టు 29న హడర్స్‌ఫీల్డ్ పట్టణంలోని జార్జి హోటల్లో ఉత్తరాది క్లబ్బులు సమావేశమై వేరే సంఘం పెట్టుకున్నాయి. పోయిన రోజుకు 6 షిల్లింగుల పరిహారం నిర్ణయించుకున్నాయి. 1898లో ఆటకు జీతం ఇవ్వడాన్నీ ఒప్పుకున్నాయి. అయితే ఆటగాడికి వేరే పని కూడా ఉండాలని షరతు పెట్టాయి. ఈ షరతును తమ్ముళ్ళు గుర్తుంచుకోవాలి.

డాలీ మెసెంజర్

ఈ గాలి ఆస్ట్రేలియాకూ వీచింది. సిడ్నీలో అలెక్స్ బర్డన్ అనే మంగలి వృత్తి చేసుకునే ఆటగాడు ఆటలో గాయపడి పని చేసుకోలేకపోయాడు. అతనికి పరిహారం దక్కలేదు. ఆటగాళ్ళలో కోపం రగిలింది. 1907 ఆగస్టులో సిడ్నీలో కొత్త లీగ్ పుట్టింది. ప్రసిద్ధ క్రికెటర్ విక్టర్ ట్రంపర్ దాని వెనక నిలిచిన వారిలో ఒకడు.

కొత్త లీగ్‌కు పేరున్న ఆటగాడు కావాలి. అతనే డాలీ మెసెంజర్. 1883లో సిడ్నీలో, పడవలు తయారుచేసే ఇంట్లో పుట్టాడు. ముందు తల్లిని ఒప్పించాకే అతను కొత్త లీగ్‌లోకి వచ్చాడని చెబుతారు. అదే సమయంలో న్యూజిలాండ్ తపాలా శాఖ గుమాస్తా ఆల్బర్ట్ బాస్కర్‌విల్ ఒక జట్టును కూడగట్టి బ్రిటన్‌కు బయలుదేరాడు. ఖర్చుల కోసం ఆటగాళ్ళు తలా 50 పౌండ్లు వేసుకున్నారు. పత్రికలు వీళ్ళను 'ఆల్ గోల్డ్స్' అని, అంటే బంగారం కోసం ఆడేవాళ్ళని ఎగతాళి చేశాయి. ఆ జట్టుతో వెళ్ళిన ఒకే ఒక్క ఆస్ట్రేలియన్ మెసెంజర్. పర్యటన మొత్తంలో ఎక్కువ పాయింట్లు సాధించింది కూడా అతనే. తిరుగు ప్రయాణంలో బాస్కర్‌విల్ న్యుమోనియాతో 1908 మే 20న బ్రిస్బేన్‌లో చనిపోయాడు. అప్పటికి అతని వయసు 25. తోటివాళ్ళు ఒక మ్యాచ్ ఆడి, వచ్చిన డబ్బును అతని తల్లికి పంపారు. డబ్బు కోసం ఆడేవాళ్ళని వెక్కిరింపు పడ్డవారు చేసిన పని ఇది!

మెసెంజర్ 1908-09లో ఆస్ట్రేలియా జట్టుతో మళ్ళీ బ్రిటన్ వెళ్ళాడు. ఈస్టర్న్ సబర్బ్స్ జట్టు 1911, 1912, 1913లలో వరుసగా విజేత అయ్యింది. 1913తో అతని ఆట ముగిసింది. తర్వాత హోటల్ నడిపాడు, చివరికి వడ్రంగి పని చేశాడు. 1959లో కన్నుమూశాడు. యూనియన్ వారు తమ రికార్డుల నుంచి కొట్టేసిన అతని పేరును 2007లో తిరిగి చేర్చారు. 1980 నుంచి ఆస్ట్రేలియాలో రగ్బీ లీగ్ ఉత్తమ ఆటగాడికి 'డాలీ ఎమ్' పతకం ఇస్తున్నారు. యూనియన్ రగ్బీ కూడా 1995 ఆగస్టులో డబ్బు తీసుకోవడాన్ని అనుమతించింది. కార్మికులు 1895లో అడిగిన దానికి సరిగ్గా నూరేళ్ళు పట్టింది!

మనం నేర్చుకోవలసినది

ఒకటి: పేదవాడు మైదానానికి రాలేదంటే శ్రద్ధ లేదని కాదు, పూట గడవడం లేదని అర్థం. మీ బ్యాచ్‌లో అలాంటివాడుంటే మాట అనకండి. తలా పది రూపాయలు వేసి బస్సెక్కించండి. మేము ఆ పని చేయలేదు. ఇప్పటికీ మాకది వెలితిగానే ఉంది.

రెండు: ప్రయాణ ఖర్చు అడగడం సిగ్గుపడే విషయం కాదు. మీ పీఈటీ మాస్టారిని, వార్డెన్ గారిని ముందుగానే, మర్యాదగా అడగండి. ఆడిన ప్రతి పోటీ సర్టిఫికెట్టూ దాచుకోండి. కాలేజీ సీటుకు, ఉద్యోగానికి స్పోర్ట్స్ కోటాలో అది పనికొస్తుంది.

మూడు: అంతటి మెసెంజర్‌కు కూడా ఆట అయిపోయాక అన్నం పెట్టింది చేతిపని. కనుక మైదానం కోసం పుస్తకం వదలకండి, పుస్తకం కోసం మైదానమూ వదలకండి. మా ఇళ్ళల్లో డిగ్రీ చూసిన మొదటివాళ్ళం మేమే. రెండూ పట్టుకుంటే ఎంత దూరం వెళ్ళవచ్చో అమలాపురం కుర్రాడు సాత్విక్ సాయిరాజ్ లాంటివారు చూపిస్తున్నారు. 2023 ఆసియా క్రీడల్లో చిరాగ్ శెట్టితో కలిసి బ్యాడ్మింటన్ డబుల్స్ స్వర్ణం గెలిచింది అతనే.

అన్నలకు ఒక విన్నపం. ఈ వార్షికోత్సవానికి వచ్చినప్పుడు ఒక కబడ్డీ జట్టు బస్సు ఛార్జీలకు సరిపడా డబ్బు ఇచ్చి వెళ్ళండి. ఒక తమ్ముడికి పోయే పూట కూలి మీ చేతుల మీదుగా అందినట్టవుతుంది.