చెట్లు నాటేకి హైదరాబాదు దాకానా?

డిగ్రీలో ఈవీఎస్ పేపరు గుర్తుందా? పరీక్షకు ముందురోజు రాత్రి గైడు తిరగేసి, ఓజోన్ పొర గురించి రెండు పేజీలు నింపి గట్టెక్కిన పేపరు. ఎం.సి. మెహతా వేసిన కేసులో 1991లో సుప్రీంకోర్టు పర్యావరణాన్ని చదువులో తప్పనిసరి చేయమంది కాబట్టి అది మన సిలబస్‌లోకి వచ్చింది. ఉద్దేశం మంచిదే. కానీ ఈ సబ్జెక్టు విలువ తగ్గించింది కూడా ఆ పేపరేనని నా అనుమానం. ఎమ్మెస్సీ ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ చేస్తానని ఇంట్లో చెప్పి చూడండి. "చెట్లు నాటేకి హైదరాబాదు దాకా పోవల్లా నాయనా?" అంటారు.

అనంతపురం పిల్లలు ఈ మాటకు తేలిగ్గా జవాబు చెప్పగలరు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే సీమ మనది. నైరుతి మేఘాన్ని పడమటి కనుమలు ఆపేసుకుంటాయి, తూర్పు తీరం దూరం కాబట్టి ఈశాన్యమూ అంతంతమాత్రమే. ఎర్రనేలలో పదును ఎన్నాళ్లు నిలుస్తుంది, పక్క చేనులో బోరు ఎన్ని అడుగులకు పోయింది, చెనిక్కాయకు ఊడలు దిగే వేళ వాన ముఖం చాటేస్తే ఎంత నష్టం అన్నవి మన ఇళ్లలో అన్నం ముందు కూచుని మాట్లాడుకునే మాటలు. ఎమ్మెస్సీలో ఇవే సంగతులను కొలవడం నేర్పుతారు. కెమిస్ట్రీ, హైడ్రాలజీ, ఎకాలజీ, స్టాటిస్టిక్స్, కొంత చట్టం కలిస్తే ఈ చదువు. లెక్కలంటే భయపడి ఇటు వస్తే మాత్రం ఇబ్బంది పడతారు.

కొలవడం అన్నాను కదా, దానికి మంచి ఉదాహరణ మన దగ్గరే ఉంది. 2000 తర్వాతి దశకంలో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ సాయంతో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఏడు కరువు జిల్లాల్లో రైతులే భూగర్భజలాన్ని చూసుకునే పథకం ఒకటి నడిచింది. పొడి అక్షరాల్లో ఏపీఫామ్స్ అనేవారు. అనంతపురం అందులో ఉంది. ఊళ్లో వానమాపకం పెట్టారు. బోర్లలోకి టేపు దించి నీటిమట్టం రాసుకున్నారు, ఆ అంకెలు ఊరందరికీ కనిపించేలా గోడమీద రాశారు. రబీకి ముందు అందరూ కూచుని భూమిలో నీళ్లెన్ని, వేయాలనుకున్న పంటలకు కావలసిందెంత అని లెక్క కట్టారు. వరి మానెయ్యమని ఎవరికీ ఎవరూ చెప్పలేదు. లెక్క చూసుకున్నాక ఏం వేసుకోవాలో రైతుదే నిర్ణయం. యూనివర్సిటీలో 'వాటర్ బడ్జెటింగ్' పాఠం వచ్చినప్పుడు ఈ గోడలు గుర్తు తెచ్చుకోండి. ఆ శాస్త్రాన్ని రైతుకు అర్థమయ్యే మాటల్లో చెప్పగలిగిన మనిషికి వాటర్‌షెడ్, భూగర్భజల పథకాల్లో ఎప్పుడూ పని ఉంటుంది.

ఇక ప్రవేశాలు. ఆంధ్రా యూనివర్సిటీ, తిరుపతి ఎస్వీయూ, కడప యోగి వేమన లాంటి వాటికి ఏపీ పీజీసెట్, ఉస్మానియాకు సీపీగెట్, ఢిల్లీ జేఎన్‌యూ లాంటి కేంద్రీయ విశ్వవిద్యాలయాలకు సీయూఈటీ పీజీ. రాష్ట్ర విభజనప్పుడు పెట్టిన, రెండు తెలుగు రాష్ట్రాల ఉమ్మడి ప్రవేశాల పదేళ్ల గడువు 2024 జూన్ 2తో ముగిసింది. హైదరాబాదు వెళ్లాలనుకునే వాళ్లు నోటిఫికేషన్‌లో లోకల్, నాన్‌లోకల్ సీట్ల సంగతి ముందే చూసుకోవాలి. అనంతపురం వాళ్లకు బెంగళూరు ఇంకా దగ్గర, బెంగళూరు యూనివర్సిటీలోనూ ఈ కోర్సు ఉంది.

హైదరాబాదులో అసలు లాభం క్యాంపస్ బయట ఉంది. బాలానగర్‌లో ఉపగ్రహ చిత్రాల సంస్థ ఎన్ఆర్ఎస్‌సీ, హబ్సిగూడలో భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్ఐ, సంతోష్‌నగర్‌లో మెట్ట సేద్యం పరిశోధన సంస్థ క్రిడా, పటాన్‌చెరులో మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్, అన్నీ సిటీబస్సు దూరమే. 1940 నాటి టీఎంవీ-2 చెనిక్కాయనే దశాబ్దాలుగా నమ్ముకున్న మన రైతుల చేలకు ఐసీజీవీ 91114 రకం వచ్చింది ఆ పటాన్‌చెరు నుంచే. ఇలాంటి చోట ప్రాజెక్టు పని దొరికితే రెండేళ్ల హాస్టల్ కష్టం గిట్టుబాటైనట్టే.

డిజర్టేషన్ దగ్గర చాలామంది తప్పు చేస్తారు. దగ్గర్లో ఉందని హుస్సేన్‌సాగర్ నీళ్లు సీసాల్లో పట్టుకొస్తారు. ఇన్నేళ్లలో ఎన్ని సీసాలు నిండాయో ఆ చెరువుకే తెలియాలి. మీరు ఊరికి రండి. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రమాణం, మీ మండలంలో ఏ బోరు దాటుతోంది? కణేకల్లు, బొమ్మనహాళ్ వైపు హగరి ఇసుక చేలమీదికి పాకుతోంది. ఉచితంగా దొరికే ఉపగ్రహ చిత్రాలు, క్యూజీఐఎస్ సాఫ్ట్‌వేర్ ఉంటే పదేళ్ల కదలికను గీసి చూపొచ్చు. రామగిరి గుట్టల మీద గాలిమరలు, ఎన్పీ కుంటలో సోలార్ పార్కు (రెండూ ఇప్పుడు శ్రీసత్యసాయి జిల్లా) ఉన్నాయి. 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా (ఈఐఏ) నోటిఫికేషన్ ప్రకారం పవన, సౌర విద్యుత్తుకు ముందస్తు పర్యావరణ అనుమతి అక్కర్లేదు. మరి గుట్టమీద రోడ్డు వేస్తే గడ్డి, గొర్రెల మేత ఏమయ్యాయి? ఎవరో ఒకరు కొలవాలి.

ఉద్యోగాల గురించి తియ్యటి మాటలు చెప్పను. ఈఐఏ నివేదికలు రాసే కన్సల్టెన్సీలు, నీరు, గాలి పరీక్షించే ల్యాబులు మొదట్లో ఇచ్చే జీతం సాఫ్ట్‌వేర్ స్నేహితుడి ముందు చెప్పుకునేలా ఉండదు. పెద్ద లిస్టెడ్ కంపెనీలు సెబీకి పర్యావరణ, సామాజిక బాధ్యతల నివేదిక (బీఆర్ఎస్ఆర్) ఇవ్వాలి కాబట్టి అటు కొత్తగా అవకాశాలున్నాయి. యూజీసీ నెట్‌లో ఈ సబ్జెక్టు ఉంది, గేట్‌లోనూ 2021 నుంచి పేపరు ఉంది. నెట్‌లో పరిశోధన ఫెలోషిప్ (జేఆర్ఎఫ్) వస్తే నెలకు 37,000 రూపాయలు.

ఇంటర్ పిల్లలు ఒకటి గమనించాలి. ఇండియన్ ఫారెస్ట్ సర్వీసుకు అర్హత ఇచ్చే డిగ్రీ సబ్జెక్టుల్లో బాటనీ, జువాలజీ, కెమిస్ట్రీ, జియాలజీ లాంటివి ఉన్నాయి, ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ పేరు లేదు. అందుకే డిగ్రీలో వాటిలో ఒకటి పట్టుకుని, పీజీలో ఇటు రావడం మేలు.

సీటు వచ్చి బస్సెక్కేలోపు ఒక నోటుబుక్కు కొనుక్కోండి. మీ ఊళ్లో బోర్లెన్ని, ఏ ఏడు వేశారు, ఎన్ని అడుగులు, ఎప్పుడు ఎండాయి అని పెద్దవాళ్లను అడిగి రాసుకోండి. రేపు డిజర్టేషన్ చేయించే గైడు మొదట అడిగేది ఇదే. తారీఖులు వాళ్లకు గుర్తుండవేమోనని సందేహించకండి. బోరుబండి వచ్చిన రోజు ఎవరూ మర్చిపోరు, అప్పు తెచ్చింది కూడా ఆ ముందురోజే.