పెదవి తగిలే చెక్కకు పూత

జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ సినిమా సెట్లకు నేను చేసిన చెక్క సామాన్లలో ఊదేవంటే నాకు ప్రత్యేకమైన ఇష్టం. పిట్టకూత ఈలలు, వేటగాడి పాత్ర మెడలో వేలాడే బూరలు, పిల్లనగ్రోవులు. తెర మీద అవి కనిపించేది కాసేపే. నటుడు మాత్రం లైట్ల వేడిలో, చెమట చేతులతో, టేక్ తర్వాత టేక్ నోట్లో పెట్టుకుంటాడు. ఆర్ట్ డిపార్ట్‌మెంట్‌లో కొత్తగా చేరిన పిల్లలు "బాబాయ్, దీనికి ఏ పాలిష్ వెయ్యాలి?" అని అడుగుతుంటారు. ఈ సూచనలు వాళ్ళ కోసం.

1. పాలిష్ డబ్బా మూత తియ్యకముందు వస్తువును చేతిలో తిప్పి చూడండి. పెదవి ఆనే కొస, గాలి నడిచే బోలు, కెమెరాకు కనిపించే ఒళ్ళు... ఒక్క ఈలలోనే మూడు చోట్లున్నాయి. పెదవి చోటుకు ఏది మంచిదో ముందు తేల్చుకోండి. మిగతా రెండూ దాన్నిబట్టి నడుస్తాయి.

2. చెక్క బాగా ఎండాలి. పచ్చి చెక్క మీద ఎంత ఖరీదైన పూత వేసినా హైదరాబాద్ ఎండాకాలంలో నెర్రె విడుస్తుంది. ఉప్పుకాగితం 120తో మొదలుపెట్టి 180, 320 దాకా వెళ్ళండి. చివర తడిగుడ్డతో ఒకసారి తుడిస్తే నూగు లేస్తుంది. ఆరాక దాన్ని మళ్ళీ రుద్దెయ్యండి. ఈ పని ఎగ్గొడితే నటుడి ఉమ్మి తగిలిన మొదటి రోజే కొస గరుకెక్కుతుంది.

3. పెదవి చోటుకు నా మొదటి ఓటు లక్కకే. అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకలో అంకుడు కర్రను తరిణి మీద తిప్పుతూ లక్క కడ్డీని అదిమిపెడతారు. రాపిడి వేడికి లక్క కరిగి చెక్కకు పడుతుంది. మొగలి ఆకుతో రుద్ది నునుపు తెస్తారు. పసిపిల్లలు నోట్లో పెట్టుకునే బొమ్మలకు ఆ ఊళ్ళో సహజ రంగులు కలిపిన లక్క వాడుతున్నారు. 2017లో ఆ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. మందు బిళ్ళల మీద పూతగా కూడా శుద్ధి చేసిన లక్కనే వేస్తారు.

మన షెడ్డులో తరిణి లేకపోతే స్పిరిట్ పాలిష్ ఉంది. పలుచటి రేకులుగా దొరికే లక్కను లీటరు స్పిరిట్‌కు 120 గ్రాముల లెక్కన నానబెట్టి, గుడ్డ ఉండతో పలచగా, మళ్ళీ మళ్ళీ పట్టించాలి. వానాకాలంలో తొందరపడితే తెల్లగా పొగచూరినట్టవుతుంది. ఇంకో జాగ్రత్త ఉంది. కోవిడ్ తర్వాత సెట్లో ప్రతి సామానునీ శానిటైజర్‌తో తుడిచే అలవాటొచ్చింది. అందులోని ఆల్కహాల్ లక్కను కరిగించేస్తుంది. ఆ సంగతి ప్రాపర్టీ అసిస్టెంట్‌కు ముందే చెప్పి, తడిగుడ్డతో తుడిచి ఆరబెట్టమనండి.

4. లక్క కాకుండా నూనె పట్టిద్దామంటే, కొబ్బరి నూనె, వేరుశనగ నూనె ఎన్నాళ్ళున్నా గట్టిపడవు. జిడ్డుగా ఉండి దుమ్ము పట్టి, చివరికి కంపు కొడతాయి. అవిసె నూనె గాలి తగిలి గట్టిపడుతుంది. అయితే బజారులో 'బాయిల్డ్' పేరుతో అమ్మేదాంట్లో త్వరగా ఆరడానికి లోహపు మందులు కలుపుతారు. పెదవి చోటుకు పచ్చి అవిసె నూనే వాడి, వారాల తరబడి ఆరనివ్వండి.

అవిసె నూనె తుడిచిన గుడ్డలు మాత్రం ఉండచుట్టి మూల పడేయకండి. నూనె ఆరుతూ పుట్టించే వేడి ముడతల్లో చిక్కుకుని, అగ్గిపుల్ల లేకుండానే గుడ్డ అంటుకుంటుంది. సెట్ నిండా థర్మోకోల్, ప్లైవుడ్, గుడ్డ తెరలే కదా! ఆ గుడ్డల్ని విప్పి బయట నేల మీద విడివిడిగా ఆరెయ్యండి, లేదా నీళ్ళున్న ఇనప డబ్బాలో వేసి మూత పెట్టండి. ఈ ఒక్క విషయంలో నేను ఎవరి మొహమాటమూ చూడను.

5. రోజ్‌వుడ్ మీద నూనె సరిగా ఆరదు, ఆ చెక్కలోని సహజ పదార్థాలు అడ్డుపడతాయి. ముందు పలచగా లక్క పట్టించండి. కొండపల్లి బొమ్మలు చేసే తెల్లపొణికి చెక్క దానికి పూర్తిగా వేరు, తేలికగా మెత్తగా ఉండి ఎంత పోసినా తాగేస్తుంది.

6. మెలమైన్ పాలిష్ గట్టిదే, అందమైనదే. కానీ ఆరేటప్పుడు ఫార్మాల్డిహైడ్ వదులుతుంది. నోటికి తగిలేవాటికి నేను వెయ్యను. పీయూ (పాలీయురెథేన్) వెయ్యక తప్పకపోతే పూర్తిగా గట్టిపడేదాకా, వాసన బొత్తిగా పోయేదాకా నటుడి చేతికివ్వకండి. పైకి ఆరినట్టున్నా లోపల ఇంకా పచ్చిగా ఉంటుంది.

7. బోలులో పూత మందమైతే కూత మారుతుంది. గాలి కోసుకునే అంచు మొద్దుబారితే ఈల పలకదు. అక్కడ పలచటి పూత ఒక్కటి చాలు, ఆరాక ఊది వినండి. అమెరికా వేటగాళ్ళ దగ్గర టర్కీకోడిని పిలిచే చెక్కపెట్టెలుంటాయి, మూతను అంచు మీద రాపాడిస్తే కూత వస్తుంది. ఆ రాచుకునే చోట వాళ్ళు ఏ పూతా వెయ్యరు, సుద్ద మాత్రం రాస్తారు. మన దగ్గర వన్యప్రాణి చట్టం కింద వేట నిషేధం, ఈ ఈలలన్నీ నటనకే. పక్కనే కేబీఆర్ పార్కు ఉంది కదా అని అక్కడి పక్షుల దగ్గరికెళ్ళి ఊది పరీక్షించకండి, వాటి బతుకు వాటిది.

8. అద్దంలా మెరిసే పూత షోరూముకు బాగుంటుంది. కెమెరా ముందు అది లైటును తిప్పికొట్టి ఛాయాగ్రాహకుడికి తలనొప్పి తెస్తుంది. పూత గట్టిపడ్డాక సన్నటి స్టీల్ ఊల్‌తో మెరుపు తగ్గించి, తేనెమైనం కొద్దిగా పట్టించండి. అడవి మనిషి చేతిలో అది అప్పుడే నమ్మేలా ఉంటుంది.

9. జతగా రెండు చెయ్యండి. ఒకే దుంగ నుంచి, ఒకే డబ్బా పూతతో, ఒకే రోజు. విరిగిన ఈల స్థానంలో వేరే రంగుది వస్తే కంటిన్యుటీ పోతుంది. పూత పేరు, వేసిన తేదీ కాగితం మీద రాసి రెండోదానికి కట్టి పెట్టండి. ప్యాచ్‌వర్క్ షూటింగ్ ఏ నెలలో పెడతారో ముందుగా ఎవరూ చెప్పరు.