పరుగెత్తు బొమ్మ

పోచంపల్లి పేరు వినగానే రంగురంగుల చీరలు జ్ఞప్తికి వచ్చును. 1951వ సంవత్సరమున భూదానోద్యమమునకు జన్మస్థానమగుటచే ఈ గ్రామమునకు భూదాన్ పోచంపల్లి అను పేరు వచ్చినది. పూర్వము నల్లగొండ జిల్లాలో నుండి, నేడు యాదాద్రి భువనగిరి జిల్లాలో చేరియున్నది. ఇచ్చటి నేతగాండ్రు వస్త్రమును నేయుటకు ముందే దారమునకు రంగులు అద్దుదురు. గళ్ల కాగితముపై బొమ్మను గీసికొని, ఆసుపై పోసిన పేక దారమునకు ఆ ప్రకారము గుర్తులు పెట్టుదురు. రంగు అంటరాని చోట్ల గట్టిగా కట్లు కట్టి, పిమ్మట రంగులో ముంచుదురు. అట్టి దారము నొక్కదానిని చూచినచో కొన్ని మచ్చలు తప్ప మరేమియు కనబడదు. మగ్గముపై దారములు వరుసగా చేరినపుడే ఏనుగో, చిలుకయో రూపు దాల్చును. ఒక్క పేక ప్రక్కకు జరిగినను చిలుక ముక్కు చెదరిపోవును. కావుననే నేతగాడు పేకలను వ్రేళ్లతో సరిదిద్దుచు ముందుకు సాగును.

వరుసయే ప్రాణముగా గల మరియొక కళ కార్టూను చలనచిత్రకళ. తెరపై ఒక్క సెకనులో 24 చిత్రములు కదలిపోవును. వానిలో ఏ ఒక్క చిత్రమును పరుగెత్తదు. ఒకదాని వెనుక నొకటి వచ్చుటచే చూచువారి కంటికి పరుగు తోచును. ఈ కళ నేర్వగోరువారు తొలిదశలోనే అభ్యసించు పాఠములలో పరుగు ఒకటి.

నడకకును పరుగునకును భేదమేమి? నడచువాని పాదములలో ఒకటైనను ఎల్లప్పుడు నేలను తాకియుండును. పరుగెత్తువాడు అడుగు అడుగునకు నడుమ క్షణకాలము రెండు పాదములును గాలిలో నుండగా సాగును. పరుగులోని ప్రతి అడుగునందు ముఖ్యముగా నాలుగు స్థితులు కలవు. మొదట పాదము నేలను తాకును. పిమ్మట మోకాలు వంగి, దేహభారమంతయు ఆ కాలిపై పడగా శరీరము క్రిందికి దిగును. అటుపై రెండవ కాలు ముందుకు దాటును. తుదకు నేలనున్న పాదము బలముగా తన్నగా దేహము పైకి లేచును. చేతులు కాళ్లకు ఎదురుగా ఊగును. కుడికాలు ముందుకు వచ్చినపుడు ఎడమచేయి ముందుకు వచ్చును.

అడుగునకు ఆరు చిత్రముల చొప్పున రెండు అడుగులకు పండ్రెండు చిత్రములు చాలును. ఇవి అర సెకను కాలము నడచును. వీనినే పదిమారులు త్రిప్పినచో ఐదు సెకనుల పరుగగును. 120 చిత్రములు గీయవలసిన శ్రమ తప్పును. అయితే పండ్రెండవ చిత్రము మొదటిదానివలెనే ఉండరాదు. అట్లున్నచో ఒకే భంగిమ వెంటవెంటనే రెండుమారులు వచ్చి, బొమ్మ ప్రతి చుట్టునందు తడబడును. చీరలో ఒక పువ్వు ముగిసిన చోట తరువాతి పువ్వు అతుకు తెలియకుండ మొదలైనట్లు, చివరి చిత్రము మొదటిదానిలోనికి ఒదిగిపోవలెను.

క్రొత్తగా నేర్చువారు సాధారణముగా కాళ్లను మాత్రమే కదలింతురు. తల ఒకే ఎత్తున నిలిచియుండును. అట్టి బొమ్మ పరుగెత్తునట్లు గాక, నీటిపై తేలిపోవునట్లు కనబడును. బరువు లేనిచోట పరుగు లేదు.

కంటితో చూచిన మాత్రమున చలనము తెలియదని 1878వ సంవత్సరమున రుజువైనది. ఆ యేట అమెరికాలోని కాలిఫోర్నియాలో ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్ అను ఛాయాగ్రాహకుడు పండ్రెండు కెమెరాలను వరుసగా నిలిపి, దౌడు తీయు గుఱ్ఱమును చిత్రించెను. గుఱ్ఱము గాలిలో నున్నపుడు దాని కాళ్లు ముందువెనుకలకు చాచియుండునని చాలమంది చిత్రకారులు అంతకుముందు గీయుచుండిరి. కాని ఆ సమయమున కాళ్లు పొట్టక్రింద ముడుచుకొని యుండునని ఆ ఛాయాచిత్రములు చూపెను.

అందుచే శిష్యులు పాత కార్టూను చిత్రములను ఒక్కొక్క చిత్రముగా ఆపి పరిశీలింతురు. 1949లో తొలిసారి తెరపైకి వచ్చిన రోడ్ రన్నర్ అను పక్షి కాళ్లు వేగమున చక్రమువలె గీయబడినవి. గీత నిజమునకు దూరమైనను వేగము నిజమనిపించును. ఎందుకట్లు గీసిరో తెలియక నకలు చేయువానికి చక్రము మాత్రమే దక్కును, వేగము దక్కదు.

ఈ విషయమున రిచర్డ్ విలియమ్స్ చరిత్ర స్మరింపదగినది. ఆయన లండనులో చిత్రశాలను నెలకొల్పి, యౌవనముననే బహుమతులు పొందెను. 1967లో వెలువడిన ‘జంగిల్ బుక్’ చిత్రమును చూచి, తనకు తెలిసినది స్వల్పమని గ్రహించెను. సిగ్గుపడక, రోడ్ రన్నర్ చిత్రములకు పనిచేసిన కెన్ హారిస్‌ను, డిస్నీ సంస్థలో పనిచేసిన ఆర్ట్ బాబిట్‌ను తన చిత్రశాలకు రప్పించి, వారికి శిష్యుడయ్యెను. ఆ వృద్ధుల వద్ద నేర్చినదానిని దాచుకొనక 2001లో గ్రంథముగా ప్రకటించెను.

అదే 2001లో మన హైదరాబాదున గ్రీన్ గోల్డ్ అను సంస్థ వెలసినది. అచ్చట రూపొందిన ‘ఛోటా భీమ్’ 2008 నుండి టెలివిజనులో ప్రసారమై బాలుర నలరించినది. నేడు కాగితమునకు బదులు కంప్యూటరు వచ్చినది. అయినను పాదము ఎప్పుడు తాకవలెనో, దేహము ఎప్పుడు క్రుంగవలెనో నిర్ణయింపవలసినవాడు మనుష్యుడే.

ఈ విద్యను ప్రారంభించుటకు గొప్ప సాధనములు అక్కరలేదు. ఒక నోటుపుస్తకపు అంచులయందు వరుసగా పండ్రెండు బొమ్మలు గీసి, బొటనవ్రేలితో త్వరగా విడిచినచో పరుగు కనబడును. తప్పుకూడ అచ్చటనే కనబడును. అపుడు పాఠశాల మైదానములో పరుగెత్తు మిత్రుని మరల నిదానముగా చూచి, ఆ ఒక్క బొమ్మను చెరిపి తిరిగి గీయవలెను. జరిగిన పేకను నేతగాడు సరిదిద్దకున్న చిలుక రాదు. తప్పిన గీతను చిత్రకారుడు సరిదిద్దకున్న బొమ్మ పరుగెత్తదు.