మేకుకి తుప్పు ఎందుకు పడుతుంది? ఫోన్ ఛార్జింగ్ పోర్ట్‌కి అందులో ఉన్న పాఠం ఏంటి?

స్కూల్లో మూడు టెస్ట్‌ట్యూబుల ప్రయోగం గుర్తుందా? మామూలు నీళ్లలో సగం మునిగిన మేకు తుప్పు పట్టింది. మరగబెట్టి, పైన నూనె పోసిన నీళ్లలోది పట్టలేదు. పొడి గాలిలోదీ పట్టలేదు. అంటే తుప్పుకి నీరు, ఆక్సిజన్ రెండూ కావాలి.

లోపల జరిగేది ఇదీ: మేకు మీద ఒక చోట ఇనుము ఎలక్ట్రాన్లు వదిలేసి, అయాన్లుగా నీటిలోకి దిగిపోతుంది. ఆ ఎలక్ట్రాన్లు లోహం గుండా ఇంకో చోటికి వెళ్లి, ఆక్సిజన్‌ని, నీటిని హైడ్రాక్సైడ్‌గా మారుస్తాయి. చివరికి మిగిలేది ఎర్రటి పొడి. నేనైతే దీన్ని ఒక చిన్న బ్యాటరీ అంటాను. నీటిలో ఉప్పు ఉంటే ఈ బ్యాటరీ ఇంకా జోరుగా పనిచేస్తుంది. వైజాగ్ బీచ్ దగ్గర ఇళ్ల గ్రిల్స్ త్వరగా పాడయ్యేది అందుకే.

ఆపే దారులు మూడు:

1. అడ్డుపొర: పెయింట్, గ్రీజు, నూనె. గీత పడితే మాత్రం అక్కడి నుంచే తుప్పు మొదలవుతుంది.
2. జింక్ పూత: గీత పడినా ఇనుము కంటే ముందు జింకే కరిగిపోయి దాన్ని కాపాడుతుంది.
3. స్టెయిన్‌లెస్ స్టీల్: ఇందులో కనీసం 10.5 శాతం క్రోమియం ఉంటుంది. పైన కంటికి కనపడని ఆక్సైడ్ పొర ఏర్పడుతుంది.

ఇక మన ఫోన్. పోర్ట్ పిన్నులు సాధారణంగా రాగి మిశ్రమంతో చేసి, పైన నికెల్, బంగారం పలుచగా పూస్తారు. ఇనుము కాదు కాబట్టి దీన్ని తుప్పు అనం, కరోజన్ అంటాం. సూత్రం మాత్రం అదే. పైగా ఇక్కడ ఛార్జర్ బయటి నుంచి 5 వోల్టులో, అంతకంటే ఎక్కువో ఇస్తుంది. తడి పోర్ట్‌లో కేబుల్ పెడితే పిన్నులు చాలా వేగంగా తినేసుకుపోతాయి. ఫోన్ చూపించే తేమ వార్నింగ్ ఉన్నది అందుకే.

ఐపీ68 ఉంది కదా అని ధీమా వద్దు. ఆ టెస్ట్ మంచినీటితో చేసేది, సముద్రపు నీటితో కాదు. లిక్విడ్ డ్యామేజ్‌కి చాలా కంపెనీల వారంటీ వర్తించదు కూడా.

నా సలహా: పోర్ట్ తడిస్తే కేబుల్ తీసేయండి. పోర్ట్ కిందికి ఉండేలా పట్టుకుని నెమ్మదిగా తట్టి, ఫ్యాన్ గాలికి పెట్టండి. బియ్యంలో పెట్టకండి, వద్దని ఆపిల్ కూడా చెబుతోంది. పూర్తిగా ఆరాకే ఛార్జింగ్ పెట్టండి.