చూపు తగ్గిన చేతికి నల్లటి తెర

హైదరాబాద్ బాలాపూర్ సందుల్లో సంక్రాంతికి వాకిలి నిండా ముగ్గేసిన చెయ్యి, చూపు మందగించగానే ఒళ్లో ముడుచుకుంటుంది. "ఇగ నాతోని కాదు బిడ్డా" అంటుంది నాయనమ్మ. ఇంట్లోవాళ్లు టీవీ పెట్టి ఊరుకుంటారు. అలా ఊరుకోవడం అన్యాయం.

అద్దాలు పెట్టినా, వైద్యం చేయించినా మెరుగైన కంట్లో కూడా చూపు 6/18 కన్నా తక్కువే ఉంటే డాక్టర్లు దాన్ని లో విజన్ అంటారు. గ్లకోమాలో పక్కచూపు పోతుంది. రెటీనా నడిమి భాగమైన మాక్యులా దెబ్బతింటే ఎదుటి మనిషి ముఖమే మసకబారుతుంది. ఏది పోయినా కొంత మిగులుతుంది, ఆ మిగిలినదానితో బొమ్మ గీయవచ్చు.

అమెరికాలో హాల్ లాస్కో అనే పెద్దాయన గీశాడు. మాక్యులా దెబ్బతిన్నాక కంప్యూటర్‌లో మైక్రోసాఫ్ట్ పెయింట్ తెరిచి, బొమ్మను బాగా పెద్దది చేసుకుని, చుక్క పక్కన చుక్క పేర్చాడు. తొంభై ఏళ్లు దాటినా ఆపలేదు. శాంతినికేతన్‌లో వినోద్ బిహారీ ముఖర్జీ 1950ల్లో చూపు పూర్తిగా పోయాక కూడా కాగితాలు కత్తిరించి బొమ్మలు చేశారు. ఆయన మీద సత్యజిత్ రాయ్ 1972లో డాక్యుమెంటరీ తీశారు.

ఈ వ్యాసకర్త గట్టిగా నమ్మే అలవాటు ఒక్కటే: రోజూ నల్లటి తెర మీద తెల్లటి లావు గీతతో ఒక ముగ్గు. అలికిన నేల మీద పిండి గీత ఎందుకు కొట్టొచ్చినట్టు కనిపిస్తుందో, ఇక్కడా కారణం అదే. స్కెచ్‌బుక్ లాంటి ఉచిత యాప్‌లో కాన్వాస్‌కు నలుపు నింపండి, బ్రష్‌ను వేలెడు లావు చేయండి. ఆండ్రాయిడ్ సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీలోకి వెళ్లి మాగ్నిఫికేషన్ ఆన్ చేసి, మూడుసార్లు తట్టే షార్ట్‌కట్ ఎంచుకోండి. తట్టగానే తెర పెద్దదవుతుంది. రెండు వేళ్లతో జరుపుకోవచ్చు. మొదట నాలుగు చుక్కలు, చుట్టూ ఒక మెలిక, ఆ రోజుకు అంతే. చెయ్యి తిరిగాక వినాయకుణ్ణి గీయించండి. 1994 నుంచి వినాయకుడి లడ్డూ వేలం జరుగుతున్న బాలాపూర్‌లో ఆ తొండం ఒంపు ఎవరికి తెలియదు?

షుగరుతో చూపు తగ్గిన ఈ వ్యాసకర్త తల్లి, ఫోన్ పాడైపోతుందేమోనని తెర ముట్టుకోవడానికే జంకేది. అన్‌డూ బాణం నొక్కితే వంకర గీత మాయమవుతుందని తెలిశాకే ఆమె వేలు కదిలింది. పక్కన ఓపిగ్గా కూర్చోవడం ఆ కొడుక్కి ఇప్పటికీ కష్టమే. అయినా చెప్పక తప్పదు: "ఇటియ్యమ్మా, నేను గీస్తా" అని ఫోన్ లాక్కోకండి! మీరు గీసిపెడితే ఆమెకు ఒరిగేదేమీ లేదు.

మిగతావి చకచకా. అరవై దాటిన కంటి రెటీనాకు ఇరవై ఏళ్ల కంటికి చేరే వెలుతురులో మూడో వంతే చేరుతుందని పరిశోధకులు అంటారు, కాబట్టి వెలుతురు ఎక్కువ కావాలి, దీపం భుజం వెనక నుంచి పడాలి. అయితే తెర మీద మెరుపు పడకూడదు. ట్యాబ్‌కు స్టాండు, చేతికి లావు స్టైలస్ ఉంటే మేలు. బటన్ల పేర్లు ఆండ్రాయిడ్‌లోని టాక్‌బ్యాక్ చదివి వినిపిస్తుంది. కళ్లు అలిసిపోతే ఆపేయాలి.

వీటన్నిటికన్నా ముందు కంటి పరీక్ష. శుక్లమైతే ఆపరేషన్‌తో చూపు తిరిగి రావచ్చు. 2018లో మొదలైన తెలంగాణ ప్రభుత్వ పథకం కంటి వెలుగులో అద్దాలు తీసుకున్నా చాలనివాళ్లు, బంజారాహిల్స్‌లోని ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి లాంటి చోట లో విజన్ విభాగం ఎక్కడని అడగాలి. ఏ వైపు చూపు బాగుంది, అక్షరం ఎంత పెద్దదైతే కనిపిస్తోంది, ఏ రంగు మీద ఏ రంగు తేటగా తెలుస్తోంది, ఈ మూడూ డాక్టర్ దగ్గర రాయించుకుని వచ్చి, ఆ సాయంత్రమే ఫోన్‌ను దానికి తగ్గట్టు సరిచేయండి.